మంచం మీద ఉన్న మనిషికి సువార్త చెప్పాలా, అమ్మగారూ?

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా సంఘంలో నెలాఖరు కూడికలో "ఈ నెల ఎంతమందికి సువార్త చెప్పారు?" అని అడిగి చేతులెత్తమంటారు. నేను ఎత్తలేను. "అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అనే వాక్యం వింటేనే టెన్షన్ వస్తుంది. మొన్న నైట్ డ్యూటీలో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకొని "భయంగా ఉంది సిస్టర్" అంది. తెల్లారితే ఆమెకు ఆపరేషన్. వాళ్లు హిందువులు. ప్రభువు గురించి చెప్పాలని నోటిదాకా వచ్చింది, కానీ చెప్పలేదు. అది పాపమా?

ఇంకొకటి. పక్క వాటాలో ఉండే అక్క నాతో చాలా బాగుండేది. వినాయక చవితికి స్టీలు డబ్బాలో ఉండ్రాళ్లు పెట్టి ఇచ్చింది. వద్దనలేక తీసుకొని చెత్తబుట్టలో వేశాను. వాళ్ల బాబు చూశాడు. క్రిస్మస్‌కి కేకుతోపాటు ఒక కరపత్రం పెట్టి ఇచ్చాను. తీసుకుంది గానీ, మా ఇంటికి రావడం మానేసింది. ఆ డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. ఇక డ్యూటీ రూములో "మీకు డబ్బులిస్తారట కదా" అని అంటుంటారు. ఏం చెప్పాలో తెలియదు. మా నాన్న తాగుడు మాని మా ఇల్లు నిలబడిందంటే అది ప్రభువు వల్లే. అలాంటి దేవుడి గురించి నోరు తెరవలేకపోతున్నాను.
ఒక సోదరి, గుంటూరు

సమాధానం:

ఆ రాత్రి నువ్వు చెప్పకపోవడం పాపం కాదమ్మా. ముందు ఈ మాట మనసులో పెట్టుకో, మిగతావి నెమ్మదిగా మాట్లాడుకుందాం.

నేనూ నీలాగే వార్డుల్లో తిరిగినదాన్ని. ముప్పై ఏళ్లకు పైగా ఆ తెల్ల బట్టల్లోనే గడిచింది. నా రెండో ఏడాది సర్వీసులో ఒక సంగతి జరిగింది. ఫిమేల్ సర్జికల్ వార్డులో ఒకామె, కడుపులో గడ్డ, మర్నాడు ఆపరేషన్. నాకప్పుడు భారం ఎక్కువ, అనుభవం తక్కువ. రాత్రి ఇంజెక్షన్ ఇవ్వడానికి వెళ్లి, సిరంజి చేతిలో ఉండగానే ప్రభువు గురించి చెప్పాను. "నమ్ముతావా అమ్మా?" అని అడిగితే "నమ్ముతానమ్మా" అంది. ప్రార్థన చేస్తానంటే కళ్లు మూసుకుంది. వెంట చెప్పమంటే చెప్పింది. నేను సంతోషంతో ఆ ఆదివారం సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను, అందరూ స్తోత్రం అన్నారు. ఆమె డిశ్చార్జి అయ్యే రోజు కూతురు నన్ను పక్కకు పిలిచింది. "ఏమీ అనుకోకండి సిస్టరమ్మా, మా అమ్మ ఆ రాత్రంతా ఏడ్చింది. ఊఁ అనకపోతే మీరు సరిగ్గా చూడరేమోనని అలా అందట. మా దేవుడికి ద్రోహం చేశానని ఇప్పటికీ కుమిలిపోతోంది" అంది.

ఆ అమ్మాయి కోపంగా అన్నా బాగుండేది. ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ మాట నాలో ఇప్పటికీ ఉంది. నేను ఆమెకు సువార్త ఇచ్చాననుకున్నాను, నిజానికి భయం ఇచ్చాను. ఆపరేషన్‌కు ముందు రాత్రి, అప్పటికే భయపడుతున్న మనిషికి ఇంకో భయం.

అందుకే నా పద్ధతి మార్చుకున్నాను. ఎదుటి మనిషికి "వద్దమ్మా" అని లేచి వెళ్లిపోయే వీలుందా? ముందు అది చూస్తాను. వీలుంటే మాట్లాడతాను, లేకపోతే నోరు మూసుకొని చేతులతో పని చేస్తాను. బెడ్ మీద ఉన్న మనిషి ఎక్కడికి వెళ్తుంది? సెలైన్ నీ చేతిలో, నొప్పి ఇంజెక్షన్ నీ చేతిలో, బెడ్‌పాన్ కావాలన్నా నిన్నే పిలవాలి. అక్కడ నువ్వు ఎంత మెత్తగా అడిగినా ఆమెకు అది ఆజ్ఞలాగే వినిపిస్తుంది. ఆపరేషన్‌కు ముందు, ఐసీయూలో, స్పృహ సరిగ్గా లేనప్పుడు, తల్లిదండ్రులు పక్కన లేని పిల్లల దగ్గర ఈ విషయం ఎత్తవద్దు. కేస్ షీటులో ఉన్న ఫోన్ నంబరు తీసుకొని తర్వాత వాక్యాలు పంపడం కూడా వద్దు. ఆ నంబరు వాళ్లు వైద్యం కోసం ఇచ్చారు. "ప్రార్థన చేశాంగా, ఆ మాత్రలు ఇక అక్కర్లేదు" అనే మాట నువ్వు అనవని నాకు తెలుసు. కానీ అనేవాళ్లు మనలో ఉన్నారు. నీ ముందు ఎవరైనా అలా అంటే, వాళ్లు ఎంత పెద్ద సేవకులైనా సరే, నర్సుగా అడ్డుపడు.

మరి చెయ్యి పట్టుకొని భయంగా ఉందన్న ఆ పెద్దావిడకు ఏం చేయాలి? నువ్వు ఆ రాత్రి ఏం చేశావో రాయలేదు. చేయి విడిపించుకోకుండా ఒక నిమిషం నిలబడి ఉంటావనే అనుకుంటున్నాను. స్టూలు లాక్కొని కూర్చో. "దేనికి భయంగా ఉంది, పెద్దమ్మా?" అని అడుగు. చాలామందికి కత్తి భయం కన్నా మత్తు భయం ఎక్కువ, మెలకువ రాదేమోనని. మత్తు డాక్టరు గారు ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉంటారని చెప్పు. ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడాలనుందేమో అడుగు. తలగడ పక్కన వెంకటేశ్వరస్వామి పటం పెట్టమంటే పెట్టు. అవునమ్మా, పెట్టు. దానివల్ల నీ విశ్వాసం ఎక్కడికీ పోదు. ఆ పటం నువ్వు ఆరాధించడం లేదు, భయపడుతున్న ఒక ముసలామె అడిగిన పని చేస్తున్నావు. నీ ప్రార్థన నువ్వు లోపల చేసుకో. బైబిల్లో హన్నా ప్రార్థించినప్పుడు పెదవులు మాత్రమే కదిలాయి, స్వరం వినిపించలేదు. అయినా దేవుడు విన్నాడు.

ఒకవేళ ఆమే "నువ్వు ఏ దేవుణ్ని మొక్కుతావమ్మా? నా కోసం కూడా మొక్కు" అంటే అది వేరే సంగతి. అప్పుడు దాచుకోనక్కర్లేదు. "నేను యేసు ప్రభువును మొక్కుతాను పెద్దమ్మా. మీకు ఇష్టమైతే ఇక్కడే రెండు మాటల్లో ప్రార్థిస్తాను, లేదంటే ఇంటికెళ్లి చేసుకుంటాను" అని రెండు దారులూ చూపించు. ఇక్కడే చేయమంటే పక్క బెడ్డుకు వినపడనంత మెల్లగా, అర నిమిషంలో ముగించు. మీ ఆసుపత్రిలో అది కూడా కూడదనే నియమం ఉంటే నియమమే పాటించు.

"మిషనరీలు ఆసుపత్రుల్లోనే కదా సువార్త చెప్పారు" అని ఎవరైనా అనొచ్చు. మీ ఊళ్లోనే ఉంది ఉదాహరణ. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. ఇప్పటికీ జనం దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు. ఆ కాలపు మిషన్ ఆసుపత్రుల్లో వార్డుల్లో బైబిలు చదివి వినిపించేవారు, నిజమే. కానీ అది మిషన్ ఆసుపత్రి అని గడప తొక్కేటప్పుడే అందరికీ తెలుసు. నువ్వు పనిచేసే చోటికి జనం వైద్యానికని డబ్బు కట్టి వస్తున్నారు. ఆ తేడాను మనం గౌరవించాలి.

చట్టం సంగతి కూడా ఒక మాట చెప్తాను, భయపెట్టడానికి కాదు. మన రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అనుసరించడానికే కాదు, ప్రచారం చేయడానికీ హక్కు ఇచ్చింది. శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి అని కూడా అందులోనే ఉంది. 1977లో మతమార్పిడి చట్టాల మీద వచ్చిన స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: మన నమ్మకాన్ని వివరించే హక్కు ఉంది గానీ, ఎదుటివారిని మార్చే హక్కు అంటూ లేదని. ఆ తీర్పు మీద మన పెద్దల్లో చాలామందికి అసంతృప్తి ఉంది. నాకు మాత్రం ఆ వార్డు సంఘటన తర్వాత అందులో ఒక నిజం కనిపిస్తుంది. మార్చడం నా పని కాదు, ఆ పని ఎవరిదో నీకూ తెలుసు.

ఇప్పుడు నిన్ను నిద్రపోనివ్వని ఆ వాక్యం. అది మొదటి కొరింథీయులకు తొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఈసారి అధ్యాయమంతా చదువు. పౌలు అక్కడ దేని గురించి మాట్లాడుతున్నాడు? సువార్త చెప్పేవాడిగా తనకున్న హక్కులు తాను వాడుకోవడం లేదని, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోవడం లేదని, సువార్తకు ఏ అడ్డూ రాకుండా అన్నీ ఓర్చుకుంటున్నానని. "నాకు శ్రమ" అన్న మనిషే తన చేతిలో ఉన్న అధికారాన్ని పక్కన పెట్టాడు. ఆ వాక్యాన్ని చేతులు లెక్కపెట్టడానికి వాడితే దాని బరువంతా తప్పు చోట పడుతుంది.

మన తెలుగు సంఘాల్లో ఈ వాక్యానికి ఒక చరిత్ర ఉంది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1912లో దోర్నకల్‌కు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, మన కోసం తెలుగు నేర్చుకున్నారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత వాళ్ల తల మీద వాళ్ల చెయ్యే పెట్టించి ఈ మాట పలికించేవారు. ఎవరు వాళ్లు? ఎక్కువమంది చదువు రాని కూలీలు, ఊరు వెలివేసినవాళ్లు. ఆ మాట పలికి మళ్లీ అదే పొలానికి, అదే దొర కిందికి కూలికి వెళ్లినవాళ్లు. తర్వాతి కాలంలో ఆ ప్రాంతంలో పై కులాల వాళ్లు కూడా వేల సంఖ్యలో సంఘంలోకి వచ్చారు. ఎందుకొచ్చారని అడిగితే వాళ్లలో ఎంతోమంది చెప్పింది, ఆ కూలీల బతుకుల్లో వచ్చిన మార్పును కళ్లారా చూశామని. కూలివాడు దొరను కూర్చోబెట్టి ప్రసంగం చేయలేడు కదా. దొర చూశాడు, తర్వాత తనే అడిగాడు.

మీ పాస్టరు గారితో ఒకసారి విడిగా మాట్లాడు. ఫిర్యాదులా వద్దు. "అయ్యగారూ, ఈ చేతులెత్తే ప్రశ్న వింటే నాలాంటివాళ్లు ఇంటికి బరువుతో వెళ్తున్నాం. బదులుగా ఈ నెల ఎవరి కోసం ప్రార్థిస్తున్నారని అడుగుతారా?" అని అడిగి చూడు. పెద్దమనసుతో వింటారనే నా నమ్మకం. వినకపోతే ఆ కూడికలో చెయ్యి ఎత్తకుండా కూర్చో. ఏం ఫరవాలేదు.

డ్యూటీ రూములో వినే ఆ "డబ్బులిస్తారట" మాట నన్నూ చాలా ఏళ్లు గుచ్చింది. దానికి కోప్పడకు. "నాకైతే ఎవరూ ఇవ్వలేదక్కా, కానుక వేసేది నేనే" అని నిజం చెప్పు, చాలు. కానీ నీ మనసులో ధైర్యం కోసం ఒంగోలు కథ తెలుసుకో. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి, భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. వ్యాపారం మీద ఊరూరూ తిరుగుతూ, బంధువుల ఇళ్లలో కూర్చొని మాట్లాడుతూ తను నమ్మినదాన్ని చెప్పుకుంటూ పోయాడు. జీతం మీద పంపిన మనిషి కాదు. తర్వాత 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు వచ్చింది. ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టు తీసుకొని ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. వాళ్లలో బాప్తిస్మం అడిగినవాళ్లు చాలామంది. ఆయన ఇవ్వలేదు. కూలి తన చేతి మీదుగా వెళ్తున్నంతకాలం, అన్నం కోసం ఎవరూ రాకూడదని ఆపేశాడు. ఆ పని ముగిశాక, పంచడానికి చేతిలో ఏమీ లేనప్పుడు మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనవాళ్లు ఆ అంకెను గర్వంగా చెప్పుకుంటారు. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించేది, అంతకుముందు ఆయన వద్దన్న ఆ నెలలు. అది గుర్తున్నప్పుడల్లా వార్డులో నా చేతిలోని సిరంజి గుర్తొస్తుంది.

నీ నాన్నగారి సంగతి ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. అదే నీ సువార్త అమ్మా. ఎవరైనా నిజంగా అడిగితే చెప్పాల్సింది అదే. "మా నాన్న రోజూ తాగి వచ్చేవాడు. అమ్మ మమ్మల్ని పక్కింట్లో పడుకోబెట్టేది. ఒకరోజు ఎవరో ప్రార్థనకు తీసుకెళ్లారు. ఒక్కరోజులో మారలేదు, మధ్యలో రెండుసార్లు మళ్లీ పడ్డాడు, కానీ నిలబడ్డాడు. ఆయన్ని నిలబెట్టింది యేసు ప్రభువే అని నేను నమ్ముతాను." వివరాలు నేను ఊహించి రాశాను, నీవి నువ్వు పెట్టుకో. అందులో రక్షణ, విమోచన, అభిషేకం అనే మాటలు ఒక్కటీ లేవు చూశావా? అవి మనకు ప్రాణంలాంటి మాటలే. కానీ మొదటిసారి వినేవాళ్లకు అర్థం కావు. అలాగే నీ మాటల్లోంచి "అన్యులు" అనే పదం తీసేయి. సంఘంలో అలవాటుగా అనేస్తాం. నీకు ఉండ్రాళ్లు పెట్టి ఇచ్చిన అక్కను ఆ పేరుతో పిలిస్తే, ఆమె ఎదురుగా నిలబడినప్పుడు నీ కళ్లలో అది కనిపిస్తుంది.

పేతురు కూడా అడిగేవాళ్లకు సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు, అదీ "సాత్వికముతోను భయముతోను". అంటే ముందు ఎవరో అడగాలి. మన ఊళ్లలో అడగడానికి సందర్భాలు బోలెడు. బొట్టు ఎందుకు పెట్టుకోవు, ఆదివారం డ్యూటీ ఎందుకు మార్చుకుంటావు, ఆ డాక్టరు అంత మాటన్నా ఎలా ఊరుకున్నావు. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు రెండు నిమిషాలు నిజం చెప్పి, తర్వాత వాళ్ల గురించి అడుగు. స్టేటస్‌లో రోజుకు పది వాక్యాలు పెట్టేకన్నా అది మేలని నా అభిప్రాయం.

ఇక పక్కింటి అక్క. ఇది చదివినప్పుడు నాకు ఎక్కువ బాధేసింది. ఆమె రాకపోవడానికి కరపత్రం కారణమని నువ్వు అనుకుంటున్నావు. నాకలా అనిపించడం లేదు. ఆమె తెల్లవారుజామున లేచి, మడి కట్టుకొని, బియ్యపు రవ్వ ఉడికించి చేసిన ఉండ్రాళ్లు మీ చెత్తబుట్టలో ఉన్నాయి. అది వాళ్ల బాబు చూసి ఇంటికెళ్లి చెప్పాడు. ఆ తర్వాత మూడు నెలలకు నువ్వు కేకు తీసుకెళ్లావు. ఆమె స్థానంలో ఉండి ఆలోచించు: నేను పెట్టింది పారేసింది, తను పెట్టింది నేను తినాలి, పైగా తన దేవుడి గురించి చదవాలి. అయినా ఆ కేకు మర్యాదగా తీసుకుంది చూడు.

ప్రసాదం విషయంలో మన సంఘాలన్నిటిదీ ఒకే మాట కాదు. మార్కెట్లో అమ్మే మాంసం గురించీ, నమ్మనివాళ్ల ఇంట భోజనం గురించీ పౌలు రాసింది చదివి ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా నడుచుకుంటారు. నేను తినను. నీకూ తినమని చెప్పను. కానీ తీసుకొని పారేయడం అబద్ధంతో సమానం. ముందే చెప్పేయడం మంచిది: "అక్కా, పూజలో పెట్టింది నేను తినను, తప్పుగా అనుకోకు. కానీ నీ చేతి పులిహోర అంటే నాకు ప్రాణం. నైవేద్యం పెట్టకముందే ఒక గిన్నె నాకోసం తీసిపెట్టు." నేను ఇలా చెప్పిన ఇళ్లలో ఎవరూ నొచ్చుకోలేదు. ఒక స్నేహితురాలు ఇరవై ఏళ్లు ప్రతి పండక్కీ ముందుగానే నా గిన్నె పక్కన పెట్టేది. వాళ్లాయన పోయిన రోజు నన్ను పిలిచి, "నీ ప్రార్థన చెయ్యవే, నాకు ఏ మాటా రావడం లేదు" అంది. ఆమె క్రైస్తవురాలు కాలేదు. నేను ప్రార్థన చేశాను, ఇద్దరం ఏడ్చాం.

బావి దగ్గర ప్రభువు మాట్లాడిన సమరయ స్త్రీ కథ నీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఆ సంభాషణ ఎలా మొదలైందో గుర్తు చేసుకో. ప్రభువు ముందు ఆమెకు ఏమీ ఇవ్వలేదు. దాహంగా ఉందని నీళ్లు అడిగాడు. ఎవరి పాత్రను యూదులు ముట్టరో ఆమెనే అడిగాడు. రెండు బావులున్న ఊళ్లలో పుట్టినవాళ్లకు ఆ మాట విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మనం మాత్రం పొరుగువాళ్ల దగ్గరికి ఎప్పుడూ ఇవ్వడానికే వెళ్తాం. కేకు, కరపత్రం, వాక్యం. వాళ్ల దగ్గర తీసుకోవడం మనకు చేతకాదు.

కాబట్టి ఈ వారం నైట్ డ్యూటీ లేని ఒక సాయంత్రం ఆ డబ్బా తీసుకొని వెళ్లు. డబ్బాను ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, నీ చేత్తో చేసిన అరిసెలో, జంతికలో పెట్టు. వాక్యం కార్డు, క్యాలెండరు ఏమీ వద్దు. గుమ్మంలో నిలబడి సంజాయిషీలు చెప్పకు. "అక్కా, చవితి రోజు నువ్వు ప్రేమతో పెట్టింది పారేశాను. నాకు తినకూడదని ఉంటే ఆ మాట నీతో చెప్పాల్సింది. చెప్పే ధైర్యం లేక అలా చేశాను. నన్ను క్షమించు" అను. లోపలికి రమ్మంటే వెళ్లు, కాఫీ ఇస్తే తాగు. రమ్మనకపోతే డబ్బా ఇచ్చి వచ్చేయి, తర్వాత మెట్ల మీద కనిపించినప్పుడల్లా పలకరించు. ఆమె మామూలుగా మాట్లాడటానికి నెలలు పట్టొచ్చు, ఆ టైము ఆమెది.

వాళ్ల బాబు ఇంట్లో ఉంటే వాడికి విడిగా సారీ చెప్పు. చూసింది వాడు.